వాన కొలిచేవాళ్లుంటే వరద చెప్పి వస్తుంది: విపత్తుల కోసం సిటిజన్ సైన్స్ బృందం ఎలా మొదలుపెట్టాలి

1997 జూలై 28న అమెరికాలోని ఫోర్ట్ కాలిన్స్ పట్టణంలో ఒక వైపు కొన్ని గంటల్లోనే అడుగుకు పైగా, అంటే 300 మిల్లీమీటర్లు దాటి, వాన కురిసింది. అదే పట్టణంలో మరో వైపు ఉన్నవాళ్లకు అది మామూలు వానే. ఆ రాత్రి వరదలో ఐదుగురు చనిపోయారు. ఊరి ఈ కొసకీ ఆ కొసకీ ఇంత తేడా ఉన్నప్పుడు ఎక్కడో ఒకచోట పెట్టిన వర్షమాపకం ఏం చెబుతుంది? మరుసటి ఏడాది, 1998లో, కొలరాడో స్టేట్ యూనివర్సిటీ వాళ్లు మామూలు జనాన్నే రోజూ పెరట్లో వాన కొలిచి పంపమన్నారు. కోకోరాస్ అనే ఆ నెట్‌వర్క్ తర్వాత అమెరికా అంతటికీ, కెనడాకీ పాకింది.

సిటిజన్ సైన్స్ అంటే ఇలాంటిదే. శాస్త్రం చదవనివాళ్లు కూడా ఒక పద్ధతి ప్రకారం కొలిచి, రాసి, పంచుకుంటారు. విపత్తుల విషయంలో దీని విలువంతా మామూలు రోజుల్లో చేసే పనిలోనే ఉందని నా అభిప్రాయం. వరద వచ్చిన రోజు ఫోన్లు పట్టుకుని వీడియోలు తీసేవాళ్లకు కొదవ ఉండదు. నిరుడు ఇదే వాగు ఇదే వానకి ఎంత ఎత్తు పారిందో చెప్పగలిగేవాళ్లే కనపడరు.

ఈ వ్యాసం వరదను పట్టుకుని నడుస్తుంది. కొండచరియలు, భూకంపాలు, రేడియేషన్ గురించి చివర్లో కొంత చెబుతాను. వాటికీ ఈ పద్ధతే చాలావరకు పనికొస్తుంది.

1. ఏ నిర్ణయం కోసం కొలుస్తున్నారో ముందు తేల్చుకోండి

చాలా బృందాలు పరికరాలు కొనడంతో మొదలుపెడతాయి. వద్దు. ఒక తెల్ల కాగితం మీద ఒకే వాక్యం రాయండి: "ఫలానా వాళ్లు, ఫలానా సమయంలో, ఫలానా నిర్ణయం తీసుకోవడానికి మా కొలత పనికొస్తుంది." "వాగు పక్క వీధిలోని ఇళ్లను రాత్రిపూట ఎప్పుడు ఖాళీ చేయించాలో స్థానిక అధికారి నిర్ణయించడానికి" అన్నది మంచి వాక్యం. "వరదలపై అవగాహన పెంచడానికి" అన్నది ఎవరికీ ఏమీ చెప్పదు.

ఆ కాగితం తీసుకుని విపత్తు నిర్వహణ అధికారిని, వాతావరణ శాఖవాళ్లను, నీటిపారుదల ఇంజనీరును కలవండి. అడగాల్సినవి మూడు. ఈ చుట్టుపక్కల మీ కొలతలు ఎక్కడ లేవు? మా సమాచారం ఏ రూపంలో ఇస్తే వాడుకుంటారు? రాత్రి రెండింటికి మేం ఫోన్ చేయాల్సింది ఎవరికి? మూడో ప్రశ్నకు ఒక పేరు, ఒక నంబరు దొరికేదాకా మీ పని మొదలు కానట్టే లెక్క. అధికారిక హెచ్చరిక ఇచ్చే బాధ్యత చాలా దేశాల్లో నిర్ణీత సంస్థలదే. మీరు సమాచారం ఇస్తారు, హెచ్చరిక వాళ్లు ఇస్తారు. ఈ గీత మొదట్లోనే స్పష్టంగా ఉంటే తర్వాత గొడవలు రావు.

2. పాత వరదల్ని మ్యాపు మీదకి తెండి

కొలత మొదలుకాక ముందే మీ దగ్గర కొంత డేటా ఉంది. అది పెద్దవాళ్ల జ్ఞాపకంలో ఉంది. ఇండోనేషియాలోని సిమెలూ దీవిలో 1907 నాటి సునామీ కథని "స్మోంగ్" పేరుతో తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చారు. భూమి గట్టిగా ఊగి సముద్రం వెనక్కి వెళితే కొండెక్కమని ఆ కథ చెబుతుంది. 2004 సునామీలో భూకంప కేంద్రానికి అంత దగ్గరున్నా, దాదాపు 78 వేల మంది ఉన్న ఆ దీవిలో చనిపోయినవాళ్లు ఏడుగురే. జపాన్‌లోని అనెయోషిలో ఈ రేఖకు దిగువన ఇళ్లు కట్టొద్దని ఒక రాతి మీద చెక్కి పెట్టారు. 2011 సునామీ ఆ రాయి దాకా రాలేదు.

కాబట్టి పెద్దవాళ్లని వెంటబెట్టుకుని ఊరంతా నడవండి. "నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి?" అంటే చేయి గాల్లో ఊపి చూపిస్తారు. అలా కాకుండా "ఈ మెట్లలో ఎన్నో మెట్టు మునిగింది? కిటికీ కిందా, పైనా?" అని అడిగితే టేపుతో కొలవగలిగే జవాబు వస్తుంది. ఒకే వరద గురించి కనీసం ఇద్దర్ని విడివిడిగా అడగండి.

మ్యాపు కోసం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాడుకోవచ్చు. అది ఎవరైనా చేర్చగలిగే, ఎవరైనా ఉచితంగా వాడుకోగలిగే మ్యాపు. 2010 జనవరిలో హైతీ భూకంపం తర్వాత ప్రపంచం నలుమూలల వాలంటీర్లు ఉపగ్రహ చిత్రాలు చూసి రాజధాని పోర్టో ప్రిన్స్ వీధుల్ని దానిలోకి ఎక్కించారు, సహాయ బృందాలు ఆ మ్యాపే పట్టుకుని తిరిగాయి. మీరు ఆ పని విపత్తుకి ముందే చేసుకోండి. సందులు, కాలిబాటలు, చిన్న వంతెనలు, కల్వర్టులు, ఎత్తైన భవనాలు, తాగునీటి బావులు. ఎవరింట్లో మంచం పట్టిన మనిషి ఉన్నారన్న వివరం మాత్రం ఈ బహిరంగ మ్యాపులో పెట్టకండి. అది విడిగా కాగితం మీద, ఆ కుటుంబం ఒప్పుకుంటేనే, ఇద్దరు ముగ్గురి దగ్గర ఉండాలి.

3. వాన కొలవడం

మార్కెట్లో దొరికే ప్లాస్టిక్ రెయిన్ గేజ్ సరిపోతుంది. కొనలేకపోతే నిటారు గోడలున్న రెండు లీటర్ల సీసా చాలు. మెడ వంపు తిరిగే చోట కోసి, పై ముక్కని తలకిందులుగా గరాటులా లోపల పెట్టండి. సీసా అడుగు ఎగుడుదిగుడుగా ఉంటుంది. అది మునిగేదాకా నీళ్లు పోసి, ఆ మట్టం దగ్గర గీత గీస్తే అదే సున్నా. అక్కడి నుంచి పైకి స్కేలు అంటించండి. వాన పడే మూతి, అంటే కోసిన అంచు, వెడల్పూ సీసా వెడల్పూ ఒకటే కాబట్టి స్కేలు మీద ఒక మిల్లీమీటరు అంటే వాన కూడా ఒక మిల్లీమీటరే. ఎండకి నీళ్లు ఆవిరవుతాయి. అందుకని రోజూ రీడింగ్ తీశాక మళ్లీ సున్నా గీత దాకా సరిచేయాలి.

మూతి ఒక కొలత, లోపలి పాత్ర ఇంకో కొలత అయితే లెక్క కట్టాలి. మూతి వ్యాసం 10 సెంటీమీటర్లు ఉంటే దాని వైశాల్యం 78.5 చదరపు సెంటీమీటర్లు. ఒక మిల్లీమీటరు వానకి 7.85 మిల్లీలీటర్లు పడతాయి. పాత్రలో 314 మిల్లీలీటర్లు ఉన్నాయంటే 314ని 7.85తో భాగించండి, 40 మి.మీ. వాన. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన అంటే సరిగ్గా ఒక లీటరు నీరు. 40 మి.మీ. చిన్న సంఖ్యలా అనిపిస్తుంది గానీ, 100 చదరపు మీటర్ల డాబా మీద అది నాలుగు వేల లీటర్లు.

గేజ్ మంచిదైనా పెట్టిన చోటు తప్పయితే అంతా వృథా. పక్కన ఐదు మీటర్ల చెట్టుందనుకోండి, గేజ్ దానికి కనీసం పది మీటర్ల దూరంలో ఉండాలి. అంటే అడ్డు ఎంత ఎత్తుందో దానికి రెట్టింపు. డాబా మీద పెడితే సులువే కానీ గాలికి చినుకులు పక్కకి కొట్టుకుపోయి తక్కువ చూపిస్తుంది. మూతి అంచు సమతలంగా ఉండాలి. ఆకులు, పురుగులు, పక్షి రెట్టలు వారానికోసారి తీసేయాలి. వీలైతే ఒక గేజ్‌ని ప్రభుత్వ వర్షమాపకం పక్కన కొన్ని వారాలు ఉంచి రెండింటినీ పోల్చండి. మీ అంకెల్ని అధికారులు నమ్మడానికి అంతకంటే మంచి దారి లేదు.

కుండపోత వానలో సీసా నిండి పొర్లిపోతుంది. ఆ రోజు గంటకోసారి చదివి, రాసి, పారబోసి, చివర్లో అన్నీ కూడాలి. గంట గంటకీ ఎంత పడిందన్నది వరదకి రోజు మొత్తం కంటే ముఖ్యం కూడా.

4. వాగు మట్టం కొలవడం

వాగుకి ఎగువన ఒకచోట, దిగువన ఒకచోట, వంతెన స్తంభం మీదో, రాతి గోడ మీదో కొలత పట్టీ గీయాలి. ముందు ఆ వంతెన ఏ శాఖదో వాళ్ల అనుమతి తీసుకోండి. పది సెంటీమీటర్లకో పెద్ద గీత, దాని పక్కన అంకె. మధ్యలో రెండేసి సెంటీమీటర్లకి చిన్న గీతలు. ఎండాకాలంలో నీళ్లు ఎంత కిందికి పోతాయో దానికన్నా దిగువన సున్నా ఉండాలి. లేకపోతే మైనస్ అంకెలొచ్చి అందరూ తికమకపడతారు. సుడులు తిరిగే చోటు, మలుపు, చెత్త అడ్డుపడే చోటు పనికిరావు. రాత్రి గట్టు మీద నిలబడి టార్చి వేస్తే కనపడేలా మెరిసే టేపు అంటించండి.

ఇక్కడ ఎక్కువమంది వదిలేసే పని ఒకటుంది. పెద్ద వరదకి ఆ పట్టీ చెరిగిపోవచ్చు, స్తంభమే పోవచ్చు. కొత్తది గీసినప్పుడు పాత సున్నా ఎక్కడుందో తెలియకపోతే అన్నేళ్ల రికార్డూ తెగిపోతుంది. అందుకే దగ్గర్లోని గట్టి కట్టడం పునాది మీద ఒక శాశ్వత గుర్తు చెక్కి, పట్టీ సున్నాకి అది ఎంత ఎత్తులో ఉందో కొలిచి పెట్టుకోండి. మేస్త్రీలు లెవెల్ చూడటానికి వాడే సన్నని పారదర్శక నీళ్ల గొట్టం ఇందుకు సరిపోతుంది. దాని రెండు కొసల్లో నీటి మట్టం ఎప్పుడూ సమానంగానే ఉంటుంది.

నీళ్లు అలలుగా ఊగుతుంటే పై అంకె, కింది అంకె చూసి సగటు రాయండి. పట్టీ గీయడం కుదరని చోట జ్యూరిచ్ విశ్వవిద్యాలయం వాళ్ల క్రౌడ్‌వాటర్ యాప్ ఉంది. దానిలో వాగు ఫొటో మీద ఊహా కొలబద్ద పెట్టి, తర్వాత వచ్చిన ప్రతిసారీ దానితో పోల్చి చెప్పొచ్చు. సెంటీమీటర్ల కచ్చితత్వం రాదు. ఏమీ లేనిదానికంటే చాలా నయం.

5. మనుషులు, వేళ, రాత

ఒక్కో గేజ్‌కి ఇద్దరు. ఒకరు ఊరెళ్తే ఇంకొకరు చూస్తారు. వాన రీడింగ్ రోజూ ఒకే వేళకి తీయాలి. మీ వాతావరణ శాఖ ఏ వేళకి తీస్తుందో కనుక్కుని అదే పెట్టుకుంటే రెండు లెక్కలూ పోల్చుకోవచ్చు. పంపే మెసేజ్‌కి ఒకే పద్ధతి: గేజ్ పేరు, తేదీ, సమయం, అంకె, ఏమైనా విశేషం.

వాన లేని రోజు "0" అని పంపాలి. ఇది చెప్పగానే కొత్తవాళ్లు నవ్వుతారు. కానీ ఖాళీ గడి అంటే వాన పడలేదనా, చూడలేదనా? ఆరు నెలల తర్వాత ఎవరికీ గుర్తుండదు. చూడకపోతే "చూడలేదు" అని రాయాలి. మూడు రోజులు ఊళ్లో లేక తిరిగొచ్చాక సీసాలో 52 మి.మీ. కనిపిస్తే "మూడు రోజులది కలిపి 52" అని రాయాలి, 52ని మూడుతో భాగించి మూడు గడులు నింపకూడదు.

జనం మానేయడానికి పెద్ద కారణం బద్ధకం అనుకుంటాం. నిజానికి పంపిన అంకె ఏమైందో తెలియకపోవడమే వాళ్ల ఉత్సాహం చంపుతుంది. నెలకోసారి ఒక చిన్న గ్రాఫ్ వేసి పంపండి, పిల్లలున్న ఇళ్లలో అది గోడకెక్కుతుంది.

6. అంకెల్ని సరిచూడటం

బృందంలో ఒకరి పని ఇదే కావాలి. చుట్టుపక్కల గేజ్‌లు 4, 5, 6 చూపిస్తుంటే ఒకటి 45 చూపిస్తే, 4.5లో చుక్క ఎగిరిపోయిందేమో అడగాలి. అడగకుండా దిద్దకూడదు. ఆ ఒక్కచోటే నిజంగా 45 పడి ఉండొచ్చు, ఫోర్ట్ కాలిన్స్ కథ అదేగా. పాత అంకె చెరిపేయకుండా పక్కన కొత్తది, మార్చినవాళ్ల పేరు, కారణం రాయండి. 20 మి.మీ. దాటినప్పుడు గేజ్ ఫొటో కూడా పంపమనే నియమం పెట్టుకుంటే సగం అనుమానాలు అక్కడికక్కడే తీరతాయి.

7. ఎంత వానకి ఎంతసేపట్లో నీళ్లొస్తాయి?

ఇన్నాళ్ల శ్రమకీ ఫలితం ఈ మెట్టులో కనిపిస్తుంది. వాగు పొంగిన ప్రతిసారీ ఒక వరస రాయండి. ఎగువ గేజ్‌లో గత మూడు గంటల వాన, అంతకుముందు ఐదు రోజుల మొత్తం వాన, ఎగువ పట్టీ దగ్గర గరిష్ఠ మట్టం, అది వచ్చిన సమయం, దిగువ పట్టీ దగ్గర గరిష్ఠం, దాని సమయం. ఐదు రోజుల మొత్తం ఎందుకంటే, ఎండిన నేల మీద పడ్డ 60 మి.మీ. చాలావరకు ఇంకిపోతుంది. నానిన నేల మీద పడితే ఆ 60 నేరుగా వాగులోకే.

ఎగువన గరిష్ఠం రాత్రి 11 గంటలకి, దిగువన 2:30కి వచ్చాయనుకుందాం. మధ్యలో మూడున్నర గంటలు. కబురు నిర్ధారించుకుని అధికారికి చెప్పడానికి అరగంట, తలుపులు తట్టి వృద్ధుల్నీ పిల్లల్నీ తరలించడానికి రెండు గంటలు పోతే చేతిలో మిగిలేది గంట. ఇంకో వరదకి అదే తేడా రెండున్నర గంటలే ఉండొచ్చు. అప్పుడు మిగిలేది సున్నా. ప్రణాళిక వేసేటప్పుడు సగటు తీసుకోకండి, మీ రికార్డులో అన్నిటికంటే తక్కువ సమయాన్నే తీసుకోండి. గరిష్ఠం కోసం ఎదురుచూడకుండా ఎగువన మట్టం ఫలానా గీత దాటగానే కదలాలన్నది కూడా ఈ పట్టికే చెబుతుంది.

ఆ గీతలకి పసుపు, నారింజ, ఎరుపు రంగులు వేసి, ఏ రంగుకి ఎవరు ఏం చేయాలో అధికారులతో కలిసి రాసుకోండి. గీత మరీ కింద పెడితే ఉత్తుత్తి హెచ్చరికలు ఎక్కువై జనం పట్టించుకోరు. మరీ పైన పెడితే టైమ్ చాలదు. మొదటి ఏడాది కాస్త కిందే పెట్టి, ఇది ఉత్తుత్తిది కావొచ్చని ముందే చెప్పేయడం మేలు. వానాకాలానికి ముందు ఒక మాక్ డ్రిల్ రాత్రిపూట చేయండి. పగటి డ్రిల్‌లో అన్నీ సవ్యంగానే జరుగుతాయి, టార్చిలో బ్యాటరీ లేదన్న సంగతి రాత్రే బయటపడుతుంది.

ఒక్క సంకేతానికి మాత్రం ఏ లెక్కా అక్కర్లేదు. జోరుగా వాన పడుతుండగా వాగు మట్టం ఉన్నట్టుండి తగ్గితే, పైన కొండచరియ విరిగి అడ్డుపడి ఉండొచ్చు. ఆ అడ్డు తెగితే నీళ్లన్నీ ఒక్కసారిగా వస్తాయి. వెంటనే కబురు చెప్పి గట్టు నుంచి దూరంగా ఎత్తుకి వెళ్లిపోవాలి.

8. వరద రోజు

ఆరు అంగుళాల, అంటే 15 సెంటీమీటర్ల, వేగమైన ప్రవాహం పెద్దమనిషిని కూడా పడగొట్టగలదు. 30 సెంటీమీటర్లు చిన్న కార్లని, 60 సెంటీమీటర్లు చాలా వాహనాల్ని ఈడ్చుకుపోతాయి. ఈ అంకెలు ప్రతి వాలంటీరుకీ నోటికి రావాలి. గేజ్ దగ్గరికి పోయే దారి మునిగిందంటే ఆ రీడింగ్ వదిలేయాల్సిందే. నోట్‌బుక్‌లో ఒక గడిలో "చూడలేదు" అని ఉంటే వచ్చే నష్టమేమీ లేదు.

రీడింగ్‌లకి ఒక వాట్సాప్ గ్రూపు, మాటలకి ఇంకొకటి. రీడింగ్‌ల గ్రూపులో నమస్కారాలు, ఫార్వర్డులు పూర్తిగా నిషేధం. ఫొటోలో తీసిన సమయం, చోటు దాగి ఉంటాయి, కానీ వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఆ వివరాలు పోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే నిలుస్తాయి. నెట్ లేకున్నా ఫారం నింపి, సిగ్నల్ వచ్చాక పంపే కోబోటూల్‌బాక్స్, ఓడీకే లాంటివి ముందే నేర్చుకుని ఉంచుకోండి. ఫోన్లన్నీ మూగబోతే వాకీటాకీ, అదీ లేకపోతే మనిషి. ఈక్వెడార్‌లోని తుంగురావా అగ్నిపర్వతం చుట్టూ ఉన్న గ్రామస్థులు 2000 నుంచి "విహియా" అనే కాపలాదారులుగా ఉంటూ రోజూ సాయంత్రం రేడియోలో అబ్జర్వేటరీకి కబురు చెప్పేవారు. ఏమీ జరగని రోజుల్లోనూ మాట్లాడటం అలవాటు కాబట్టే, 2006లో అది భారీగా పేలినప్పుడు ఎవరిని పిలవాలో, ఏం చెప్పాలో వాళ్లు తడుముకోలేదు.

ప్రతి కబురులో నాలుగు ఉండాలి: ఏం జరిగింది, ఎక్కడ, ఎప్పుడు, స్వయంగా చూశారా లేక విన్నారా. "విన్నాను" అన్నదాన్ని రెండో మనిషి ధ్రువీకరించేదాకా పక్కన పెట్టండి. సాయం కావాలన్న మెసేజ్‌కి ఒక వరస సంఖ్య ఇచ్చి, సాయం అందగానే "ముగిసింది" అని మూసేయాలి. లేకపోతే ఖాళీ అయిన ఇంటి కోసం పడవ మళ్లీ వెళుతుంది, పక్క వీధిలో నిజంగా చిక్కుకున్నవాళ్లు ఎదురుచూస్తుంటారు.

9. నీళ్లు తీశాక

అందరూ ఇళ్లు శుభ్రం చేసుకునే హడావిడిలో ఉంటారు, గోడల మీది బురద చార కూడా వాళ్ల చీపురుకే పోతుంది. అందుకే తొలి రెండు మూడు రోజుల్లోనే ఆ చారల్ని కొలవండి. ఇంటి బయటి గోడ కంటే లోపలి గోడ మీది చార నమ్మదగ్గది, లోపల అలలు ఉండవు కాబట్టి. నేల నుంచి ఎత్తు కొలిచి, టేపు కనపడేలా దగ్గర నుంచి ఒక ఫొటో, ఇల్లు గుర్తుపట్టేలా దూరం నుంచి ఒక ఫొటో తీయండి. కొమ్మలకి చిక్కుకున్న గడ్డీ చెత్తా కూడా లెక్కే, కాకపోతే నీళ్లు తీశాక కొమ్మ పైకి లేచి ఉండొచ్చని గుర్తుంచుకోవాలి. ఇంటివాళ్లు ఒప్పుకుంటే శాశ్వతంగా గీత గీసి తేదీ రాయండి. వాళ్ల ముఖాలు, నష్టం వివరాలు మాత్రం అనుమతి లేకుండా ఎక్కడా పెట్టొద్దు.

వేరే ప్రమాదాలైతే

కొండవాలు మీద ఉంటే నేలలో వచ్చిన పగులుకి చెరోవైపు ఒక మేకు పాతి, వాటి మధ్య దూరం వారానికోసారి కొలవండి. వానల్లో రోజూ చూడాలి, అదీ అక్కడికి సురక్షితంగా వెళ్లగలిగితేనే. దూరం పెరుగుతున్నా, తలుపులు కొత్తగా బిగుసుకుంటున్నా, చెట్లు ఒరుగుతున్నా, ఎప్పుడూ లేని ఊట పుట్టినా అధికారులకి చెప్పే సమయం వచ్చినట్టే.

భూకంపానికి ముందుగా కొలవగలిగేది పెద్దగా లేదు, తర్వాత చెప్పగలిగేదే ఎక్కువ. అమెరికా భూవిజ్ఞాన సర్వే 1999 నుంచి "భూమి ఊగడం మీకు తెలిసిందా?" అని అడిగే ఫారం నడుపుతోంది. వస్తువులు పడ్డాయా, గోడలు పగిలాయా అన్న జవాబుల్ని బట్టి ఎక్కడ ఎంత గట్టిగా ఊగిందో మ్యాపు వేస్తారు. ఏమీ తెలియలేదన్న జవాబు కూడా తీసుకుంటారు, వాన సున్నాకి ఉన్న విలువే దానికీ ఉంది.

కంటికి కనపడని ప్రమాదమైతే పరికరం తప్పదు. 2011లో జపాన్‌లోని ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రం ప్రమాదం తర్వాత సేఫ్‌కాస్ట్ అనే బృందం వాలంటీర్లు రేడియేషన్ కొలిచే పరికరాల్ని తామే తయారుచేసి, కార్లకి కట్టుకుని వీధివీధీ తిరిగి, అంకెలన్నీ ఎవరైనా వాడుకునేలా బయటపెట్టారు. అలాంటి పని తలపెడితే పరికరాన్ని ప్రామాణిక పరికరంతో సరిచూసుకునే ఏర్పాటు ముందు ఉండాలి. అది లేకుండా వచ్చే అంకె జనంలో టెన్షన్ పెంచడానికే పనికొస్తుంది.